మైకులో ప్రకటించిన మైల

కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి గురించి మీరు వినే ఉంటారు. వాడికి చెట్టు ముందే ఉంది, కొమ్మా ముందే ఉంది. నేను చెట్టును స్వయంగా గీసి, కొమ్మలు వేసి, రంగులు దిద్ది, పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి, దాని మీదెక్కి కూర్చుని, అప్పుడు నరుక్కున్నాను. తెగి కింద పడింది నా పెళ్ళి. పదేళ్ళు దాటినా తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియక ఇన్నాళ్ళూ అందరి మీదా మండాను. తప్పెవరిదో మీరే తేల్చండి. నాది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. కథ పూర్తయ్యేసరికి మీరు నాదేనంటారు, మా ఇంట్లో అందరూ అలాగే అన్నారు.

అప్పటికి నాకు ఇరవయ్యేడేళ్ళు. ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్సు లెక్చరర్ని. మైకు కనిపిస్తే చేతులు ఊరుకునేవి కావు. వట్లూరు అమ్మాయి హైమతో పెళ్ళి కుదిరింది. కార్తీకమాసం చివరి ఆదివారం పొద్దున ముహూర్తం. అది తప్పితే మూఢం, దాని వెనకాలే పుష్యమాసం, మళ్ళీ మాఘం దాకా ముహూర్తాలు లేవని పంతులుగారు ముందే హెచ్చరించారు. హైమ అంటే నాకు అప్పటికే చెప్పలేనంత ఇష్టం. నిశ్చితార్థం నుంచి ఆ ఆదివారం దాకా క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ బతుకుతున్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేనే మర్చిపోయాను.

మా ఇంటిపేరు పెదగట్టు. నాన్న పోయాక మాకు పెద్ద దిక్కు తాడేపల్లిగూడెంలో ఉండే మా పెదనాన్న సూర్యనారాయణగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. బడి ఆయన్ని వదిలింది గాని ఆయన బడిని వదల్లేదు, ఇంటికెళ్ళినవాడు కాళ్ళు కడుక్కున్నాడా లేదా అని చూసి గాని లోపలికి రానివ్వరు. ఆచారం దగ్గర మరీను. ఆ ఏడాది ఆయనకు పెదగట్టు వారందరినీ ఒకచోట చేర్చి కార్తీక వనభోజనాలు పెట్టాలని బుద్ధి పుట్టింది. వెంటనే వాట్సాప్‌లో ఒక గ్రూపు పుట్టింది. వందమందికి పైగా చేరారు. వాళ్ళలో చాలామందికి ఒకరికొకరు ఏమవుతారో తెలియదు, అయినా పొద్దున్నే గులాబీ పువ్వుల బొమ్మలతో శుభోదయాలు చెప్పుకునేవారు. మన వంశవృక్షం ఎవరు తయారు చేస్తారని పెదనాన్న ఒకరోజు గ్రూపులో అడిగారు. ఆయన ప్రశ్నార్థకం పెట్టేలోపే నేను 'నేను' అని కొట్టేశాను.

అమ్మ తల పట్టుకుంది. నెల రోజుల్లో పెళ్ళి పెట్టుకుని చచ్చిపోయిన తాతల వెంట పడతావేమిట్రా అంది. మూలాలు తెలియనివాడు మొక్కలాంటివాడు కూడా కాదమ్మా అని నేనొక లెక్చరు ఇచ్చాను. పైగా శుభలేఖలు పంచడానికి ఎలాగూ ఊళ్ళు తిరగాలి, ఒక్క ఖర్చుతో రెండు పనులు అవుతాయని వాదించాను. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళారంటారే, నేను నా పెళ్ళికే దాయాదుల్ని చంకన పెట్టుకుని బయల్దేరాను.

శుభలేఖ చేతికిచ్చి, బొట్టు పెట్టి, ఆ చేత్తోనే నోటుబుక్కు తీసి 'మీ తాతగారి తండ్రి పేరేమిటండీ' అని అడిగేవాణ్ణి. ముదినేపల్లిలో ఒక పెద్దావిడ అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడినదల్లా ఆ మాటకు కళ్ళజోడు పెట్టుకుంది. నేను వాళ్ళ చేలో వాటాకు వచ్చాననుకుని, పట్టాదారు పాసుపుస్తకం మా అబ్బాయి దగ్గర ఉంది బాబూ, వాడు వైజాగులో ఉన్నాడు అని ముందరికాళ్ళకు బంధం వేసింది. నాకు పొలం వద్దండీ, మీ తాత చాలు అన్నాను. ఆవిడకు ఇంకా భయం వేసింది. మంచినీళ్ళు ఇచ్చి పంపేసింది గాని తాతను మాత్రం ఇవ్వలేదు.

మా వంశంలో ఒక పాత కథ ఉంది. మా ముత్తాత తండ్రికి ఒక తమ్ముడు ఉండేవాడట. ఎవరింట్లోనో విందులో అన్నగారి విస్తట్లో నడుమ ముక్కా, తన విస్తట్లో తోకముక్కా పడిందని చేప దగ్గర అలిగి, ఉన్నపళాన లేచి కొల్లేరు వైపు వెళ్ళిపోయాడట. అందరూ ఇది కట్టుకథ అంటారు. కట్టుకథే అయితే మా పెదనాన్న నాలుగు తరాల తర్వాత కూడా 'తోకముక్క అంత తీసిపోయిందా వాడికి' అని అంత కోపంగా ఎందుకంటారు? కాబట్టి నిజమే అయి ఉండాలని నా పరిశోధకబుద్ధికి తోచింది. తప్పిపోయిన ఆ శాఖను తెచ్చి కలిపితే పెదనాన్న దగ్గరా, వంశం దగ్గరా, ముఖ్యంగా హైమ దగ్గరా నా పేరు నిలిచిపోతుందని అనుకున్నాను. నిలిచిపోయింది కూడా.

దీపావళికి ముందొక రోజు కలిదిండి వైపు వెళ్ళాను. బస్సు దిగి, టీ కొట్టు దగ్గర ఒకాయన్ని, ఏవండీ, ఇక్కడ పెదగట్టు వారెవరైనా ఉన్నారా అని ఊరికే అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టకుండానే, సత్తెయ్యగారిల్లా అండీ, ఆ రెండో చేపల చెరువు దాటగానే అన్నాడు. అంత సులువుగా దొరికినదాన్ని అనుమానించాలని కామర్సులో నేనే పిల్లలకు చెబుతుంటాను.

సత్తెయ్య తాతగారు చెరువు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేపలకు మేత వేయిస్తున్నారు. తొంభై దాటిన మనిషి, ముఖం నిండా నవ్వు. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని నోటుబుక్కు తెరిచాను. ఆ సంభాషణ మీకు అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి.

"తాతగారూ, మీరు పెదగట్టు వారేగా అండీ?"

"ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు బాబూ."

"మీరు ఏలూరు వైపు నుంచి వచ్చారటగా?"

"అవును బాబూ, ఏలూరు వైపే."

"ఈ ఇంటి పెద్దాయన పేరు?"

"లింగయ్యగారండీ. దేవుడు లాంటి మనిషి."

నేను 'లింగయ్య' అని రాసి, కింద గీత గీసి, 'కొడుకు సత్తెయ్య' అని రాసుకున్నాను. సొంత తండ్రిని పట్టుకుని గారూ అంటారేమిటి అని నాకు అనుమానం రావాలి కదా అని మీరు అడగొచ్చు. మీది మా ప్రాంతం కాదన్నమాట. మా వైపు గడ్డి తినే దూడను కూడా 'అటు జరగండి' అంటారు. తాతగారి అమ్మాయి నాగమణిగారు నాకు చేపల పులుసుతో అన్నం పెట్టింది. నా విస్తట్లో నడుమ ముక్కే వేసింది. వంద ఏళ్ళ కలహం ఆ ముక్కతో తీరిపోయిందని నేను కళ్ళు తుడుచుకుని, శుభలేఖ ఇచ్చి, తాతగారి కాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చాను. ఆయన నన్ను చల్లగా ఉండమన్నారు. నిజంగా మంచి మనిషి. ఈ కథలో జరిగిన దేనికీ ఆయన బాధ్యులు కారు.

వనభోజనాలు కార్తీకంలో మూడో ఆదివారం, తాడేపల్లిగూడెం దగ్గర ఒక మామిడి తోటలో. సరిగ్గా నా పెళ్ళికి వారం ముందు. ఉసిరి చెట్టుకు పూజ అయ్యింది. అరిటాకుల్లో పులిహోర, పప్పు, గుత్తి వంకాయ, పెరుగు. మామిడి చెట్లకు నా ఫ్లెక్సీ కట్టారు. జనం దాని ముందు నిలబడి ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని ఫొటోలు తీసుకుని వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకుంటున్నారు. కలిదిండి వారు మాత్రం రాలేదు. తాతగారికి నలతగా ఉందని నాగమణిగారు పొద్దున్నే కబురు చేసింది.

నేను మైకు అందుకున్నాను. ఆ రోజు నేను మాట్లాడిన దాంట్లో సగమైనా మర్చిపోయే వరం ఇవ్వమని దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతుంటాను. తోకముక్క దగ్గర మొదలుపెట్టి, కొల్లేరు దాటి, లింగయ్యగారి మీదుగా సత్తెయ్యగారి దాకా వచ్చి, కర్రతో ఫ్లెక్సీ మీద కొడుతూ ఆరో తరంలో మనం కలుస్తున్నామని నిరూపించాను. కావాలంటే లెక్క పెట్టుకోండని సవాలు చేశాను. పెదనాన్న నిజంగానే వేళ్ళు మడిచి లెక్కపెట్టి తల ఊపారు. ఆ ఊపుతో నేను ఇంకా రెచ్చిపోయి, ఈ క్షణం నుంచి వాళ్ళ మంచి మన మంచి, వాళ్ళ చెడు మన చెడు అన్నాను. తోటంతా చప్పట్లు. అమ్మ కూడా కొట్టింది, అది చూసి నాకు కడుపు నిండింది.

పప్పు వడ్డించి నెయ్యి వేస్తుండగా నా ఫోను మోగింది. నాగమణిగారు. తాతగారు గంట కిందట కన్నుమూశారని, నిద్రలోనే పోయారని, మీరు అంత అభిమానంగా వచ్చి వెళ్ళారు కాబట్టి చెప్పాలనిపించిందని అంది. నాకు నిజంగా గుండె కలుక్కుమంది. అక్కడితో ఆగి, ఆకు ముందు కూర్చుని, మనసులో ఒక దణ్ణం పెట్టుకుని ఊరుకుని ఉంటే, వచ్చే ఆదివారం నేను పెళ్ళికొడుకుని. కాని మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

మైకు తీసుకుని, గొంతు బరువుగా చేసుకుని, మన కుటుంబ వృద్ధులు, ఇప్పుడే మనలో కలిసిన మన రక్తబంధువు సత్తెయ్యగారు పరమపదించారు, అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలి అన్నాను. అందరూ లేచారు. నేను తల వంచుకుని, కలిసిన మొదటి రోజే ఎంత ఐకమత్యం అని పొంగిపోతున్నాను. మొదటి నిమిషం అలా గడిచింది. రెండో నిమిషంలో తల కొంచెం ఎత్తి చూస్తే పెదనాన్న కళ్ళు మూసుకుని లేరు. వేళ్ళు మడుస్తున్నారు. ఆయన చూపు ఫ్లెక్సీ మీద నుంచి నా మీదకు వచ్చింది, నా మీద నుంచి అమ్మ మీదకు వెళ్ళింది. అమ్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు అర్థమైంది నాకు.

"ఒరే శీనూ, ఆరో తరం అన్నావు కదరా. అయితే మనకి పది రోజుల మైల" అన్నారు పెదనాన్న.

ఎంగిలి చేతులతో వందమంది ఒకేసారి నా వైపు తిరిగారు. బుధవారం గృహప్రవేశం పెట్టుకున్న బాబాయి ఒకాయన, కార్తీక సోమవారం నోము పట్టిన పిన్ని ఒకావిడ, మనవడికి అన్నప్రాశన పెట్టుకున్నవాళ్ళు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు. వాళ్ళందరినీ ఒక్క ఫోను కాలుతో మైలలో ముంచేశాను. ఫోను వచ్చింది నాకు, చప్పట్లు కొట్టింది వాళ్ళు, మరి తిట్లన్నీ నాకెందుకండీ?

పెదనాన్న గూడెంలోని పంతులుగారికి ఫోను చేసి, స్పీకరు పెట్టారు. ఏడు తరాల లోపు దాయాది పోతే పది రోజులు, దాటితే మూడు రోజులు అని ఆయన చెప్పారు. మేం వాళ్ళ మొహం కూడా చూడలేదండీ అని నోము పిన్ని మొరపెట్టుకుంది. చూడక్కర్లేదమ్మా, విన్నదగ్గర్నుంచి మైల, వినకపోతే లేదు, ఇంతకీ మీకు ఎవరు చెప్పారు అని అడిగారాయన. మావాడే చెప్పాడండీ, మైకులో చెప్పాడు అన్నారు పెదనాన్న. అవతల పంతులుగారు కాసేపు మాట్లాడలేదు. మౌనం పాటించారేమో.

నా బుర్ర ఇక పాదరసం అయిపోయింది. ఏడు దాటితే మూడు రోజులే కదా, బుధవారానికి శుద్ధి అయిపోతుంది, ఆదివారం పెళ్ళి చేసుకోవచ్చు. కావలసింది ఇద్దరంటే ఇద్దరు తాతలు. మార్కరు పట్టుకుని ఫ్లెక్సీ దగ్గరకు పరుగెత్తాను. తాత పేరు మనవడికి పెట్టడం మన ఆనవాయితీ కదా పెదనాన్నా, వీరయ్య కొడుకు రామయ్య, ఆ రామయ్య కొడుకు మళ్ళీ వీరయ్య, ఆ వీరయ్య కొడుకు మళ్ళీ రామయ్య, నలుగుర్ని నేను ఇద్దరనుకుని కలిపేసి ఉంటాను అన్నాను. అలా అంటూనే ఇద్దరు తాతల్ని ఖాళీ స్థలంలో ఇరికించేశాను.

"పొద్దున లేని తాతలు మధ్యాహ్నానికి ఎక్కణ్ణుంచి వచ్చార్రా?" అన్నారు పెదనాన్న.

పరిశోధనలో కొత్త విషయాలు బయటపడుతుంటాయి అన్నాను. ఆయన తన ఫోను తీసి, పొద్దున తీసిన ఫ్లెక్సీ ఫొటో చూపించారు. అది అప్పటికే అందరి స్టేటస్‌లలో ఉంది. మొత్తం పరిశోధన అబద్ధమని, అన్నీ నేనే కల్పించానని చివరికి ఒట్టు పెట్టబోయాను. పెదగట్టు వంశంలో అబద్ధం ఆడినవాడు లేడన్నారు పెదనాన్న. నేనున్నాను కదా అన్నాను. నువ్వు పిల్లాడివి, పెళ్ళి కంగారులో ఉన్నావు, నీ మాట లెక్కలోకి రాదు అన్నారు. పొద్దున్న నా మాట లెక్కలోకి వచ్చింది, మధ్యాహ్నం నా మాట లెక్కలోకి రాదు. ఇదేం న్యాయం?

హైమకు ఫోను చేశాను. జరిగిందంతా విని ఆ అమ్మాయి చాలా మెల్లిగా, మర్యాదగా ప్రశ్నలు వేసింది. ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టాయి.

"వాళ్ళు మీకు నెల కిందట తెలుసాండీ?"

"తెలీదు."

"మీరు వెళ్ళి కలపకపోతే మైల ఉండేదా?"

"ఉండేది కాదు."

"మైకులో చెప్పకపోతే?"

"అప్పుడూ ఉండేది కాదు."

"నన్ను చేసుకోవడం ఇష్టం లేకపోతే మామూలుగా చెప్పి ఉండాల్సిందండీ. ఇంత కష్టపడక్కర్లేదు" అని ఫోను పెట్టేసింది.

ఆ మాట నాకు కత్తిపోటులా దిగింది. క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటున్నవాణ్ణి పట్టుకుని ఇష్టం లేదంటుందా? మా కాబోయే మామగారు మాత్రం ఫోనులో, పర్వాలేదండీ, పెద్దవాళ్ళు పోతే తప్పుతుందా అండీ, మాఘంలో చేసుకుందాం అన్నారు. ఆ పర్వాలేదు వెనక ఎంత పర్వా ఉందో మా వైపు మనుషులకే తెలుస్తుంది. కల్యాణ మండపం వాళ్ళకు చెప్పాం, వంటవాళ్ళకు చెప్పాం, శుభలేఖలు అందుకున్న ప్రతివాళ్ళకూ చెప్పాం. సన్నాయిమేళం వాళ్ళకు చెప్పడం మర్చిపోయాం. ఆ ఆదివారం పొద్దున నేను ముసుగు తన్ని పడుకుని ఉంటే ఫోను వచ్చింది. ఏవండీ, మేం మండపం దగ్గరున్నామండీ, మీరెవరూ కనబడరేవిటండీ అని డోలు ఆయన అడిగాడు. ఫోను పట్టుకునే ఏడ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నిజంగానే ఏడ్చాను.

ఇక్కడితో అయిందనుకుంటున్నారా? పదో రోజు మంగళవారం వచ్చింది. దాయాదులన్నాక గుండు చేయించుకుని ధర్మోదకాలు వదలాలి, వెళ్ళకపోతే పెదగట్టు వారి పరువు పోతుందని పెదనాన్న అన్నారు. తోకముక్క దగ్గర పోయిన పరువు ఇప్పుడు రాబట్టాలని ఆయన పట్టుదల. మంగళవారం క్షవరమేమిటి పెదనాన్నా అన్నాను. దినానికి వారం లేదన్నారు. గూడెం నుంచి వ్యాను కట్టించుకుని పెదనాన్న, ఇద్దరు బాబాయిలు, నేను బయల్దేరాం. దారి పొడుగునా అటూ ఇటూ చెరువులు, నడుమ సన్నటి గట్టు.

చెరువు గట్టున మంగలి ఆయన సిద్ధంగా ఉన్నాడు. మమ్మల్ని చూసి నాగమణిగారు ఎదురొచ్చింది. మీరెందుకండీ ఇంత శ్రమ అంది. శ్రమేమిటమ్మా, మన మనిషి అన్నారు పెదనాన్న. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెదనాన్న మొదట కూర్చున్నారు. నెరిసిన జుట్టంతా ఒళ్ళో రాలింది. తర్వాత బాబాయిలు. చివర నేను. నా జుట్టు గురించి ఒక్క మాట చెప్పాలి. నిశ్చితార్థం నాడు హైమ నాతో మాట్లాడిన మొదటి మాట, మీ జుట్టు బాగుందండీ అని. ఆ జుట్టు కొల్లేటి గాలికి ఎగిరి చెరువులో పడింది, మేత అనుకుని చేపలు పైకి వచ్చాయి.

స్నానాలు చేసి తడిబట్టలతో వరసగా కూర్చున్నాం. తాతగారి మనవడు, నాగమణిగారి అబ్బాయి కర్మ చేస్తున్నాడు. అక్కడి పంతులుగారు దర్భ అందించి, పోయినాయన పేరూ గోత్రమూ చెప్పించారు. నేను ఉలిక్కిపడ్డాను. అది మా గోత్రం కాదు. తొందరపాటు నా రక్తంలోనే ఉంది కదా, ఆయన పొరబడ్డారనుకుని సర్దబోయాను.

"పంతులుగారూ, మా గోత్రం అది కాదండీ."

"మీది కాకపోవచ్చు బాబూ. పోయినాయనది ఇదే."

నాలుగు గుండ్లూ నాగమణిగారి వైపు తిరిగాయి. ఆవిడ తడబడుతూ, పెదగట్టు వారు మా అమ్మ వైపు వాళ్ళండీ, లింగయ్యగారు మా అమ్మకు నాన్న, ఆయనకు మగపిల్లలు లేకపోతే మా నాన్న ఈ ఇంటికి ఇల్లరికం వచ్చారు, ఊళ్ళో అందరూ ఆయన్ని కూడా పెదగట్టు సత్తెయ్యగారనే పిలిచేవారు అంది.

ఇల్లరికం. అల్లుడు. కొడుకు కాదు, అల్లుడు. అల్లుడు పోతే మామగారి దాయాదులకు మైలేమిటండీ? పది రోజులు లేదు, మూడు రోజులు లేదు, ఒక్క పూట కూడా లేదు. ఆదివారం పొద్దున నేను నిక్షేపంగా తాళి కట్టేసి ఉండేవాణ్ణి. తడిబట్టలతోనే లేచి నిలబడ్డాను.

"మరి ఈ మాట ముందే చెప్పలేదేమండీ?"

"మీరు అడగలేదు బాబూ. ఇంతమంది అంత దూరం నుంచి వచ్చి, నాన్న మీద అభిమానంతో గుండ్లు కొట్టించుకుంటుంటే వద్దనడం ఏం మర్యాదగా ఉంటుంది?"

మర్యాద! మమ్మల్ని ముంచింది గోదావరి వరద కాదండీ, ఈ మర్యాద. అవును అనే తాతగారు, వద్దనని అమ్మాయి, పర్వాలేదనే మామగారు. ఇంతమంది మంచివాళ్ళ మధ్యన పడి నా పెళ్ళి నలిగిపోయింది. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అంటారు. దాయాది కానివాడికి నేను నా జుట్టే వడ్డించాను. పెదనాన్న వంక చూస్తే ఆయన నా వంక చూడటం లేదు, తుండుగుడ్డ తల మీద వేసుకుని చెరువు వైపు చూస్తున్నారు. నలభై ఏళ్ళు పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దిన మనిషి, గుండుతో, వేరే వాళ్ళ గోత్రం ముందు కూర్చున్నారు. నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, మళ్ళీ కోపం వచ్చింది.

భోజనాల దగ్గర నాగమణిగారు మా బాధ పోగొట్టాలని పాపం కబుర్లు చెబుతోంది. మా నాన్నది అసలు మీ ఏలూరు పక్క వట్లూరేనండీ, మడుపల్లి వారు, ఇల్లరికం వచ్చాక అటువైపు రాకపోకలు పోయాయి, నాన్న వైపు దాయాదులు ఇంకా అక్కడే ఎవరో ఉన్నారంటారు, ఒక్కరికీ కబురు చెప్పలేకపోయాం అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. శుభలేఖలో నా పేరు పక్కన అచ్చు వేయించింది సరిగ్గా ఆ ఇంటిపేరే. వట్లూరు మడుపల్లి వారి ఏకైక కుమార్తె చి.ల.సౌ. హైమవతి. భూమ్మీద ఇన్ని ఇంటిపేర్లు ఉండగా ఆ తాతగారు వాళ్ళింట్లోనే పుట్టాలా? ఇప్పుడు మైల వాళ్ళకు. వాళ్ళు వింటే వాళ్ళకు. అక్కడితో ఆగుతుందా? మాలా ఆరో తరం కాకుండా దగ్గరి దాయాదులని తేలితే మా పెదనాన్న ఏటిసూతకం దగ్గర తప్ప ఆగరు, ఏడాది దాకా ఆ ఇంట శుభకార్యం కూడదంటారు. మాఘం కూడా పోతుంది. ఈసారి హైమ ఫోను కూడా ఎత్తదు.

"మీ మావగారిదీ వట్లూరే అన్నారుగా బాబూ. ఆయన ఇంటిపేరేవిటి?" అని అడిగింది నాగమణిగారు. శుభలేఖ తన ఇంట్లోనే ఎక్కడో ఉన్న సంగతి ఆవిడకు ఆ దుఃఖంలో గుర్తు లేదు.

నా నోరు తెరుచుకుంది. అది తెరుచుకోవడానికే పుట్టిన నోరు. తాతగారి పక్కన ఒక కొత్త కొమ్మ, ఆ కొమ్మకు హైమ, ఎంత అందంగా కలుస్తోంది అని ఒక్క క్షణం నిజంగా అనిపించింది. ఇంతలో నా కాలి మీద ఎవరో బలంగా తొక్కారు. ఆచారానికి ప్రాణమిచ్చే మా పెదనాన్న, పెదగట్టు వంశంలో అబద్ధం ఆడినవాడు లేడన్న మా పెదనాన్న, ఆకు మీద నుంచి తల ఎత్తకుండానే ఆవిడకు జవాబు చెప్పారు.

"వాళ్ళెవరో గోదావరి అవతలి నుంచి వచ్చినవాళ్ళమ్మా. మీకు తెలియరు."

మాఘంలో నా పెళ్ళి అయింది. అంగుళం జుట్టుతో పీటల మీద కూర్చున్నాను. ఇందుమూలముగా సమస్త బంధుజనానికీ, ఇంకా బంధువులు కానివారికీ తెలియజేసుకునేదేమంటే, నేను ఇక ఏ ఇద్దరి పేర్ల మధ్యా గీత గీయను. గీసినదాన్ని చూడను. రైల్లో పక్కసీటాయన మీ ఇంటిపేరేమిటండీ అంటే తర్వాతి స్టేషన్లో దిగిపోతాను. నా అంతట నేను కలుపుకున్న ఒకే ఒక్క చుట్టరికం నా భార్యది. సత్తెయ్య తాతగారు ఆవిడకు ఏమవుతారో నాకూ, పెదనాన్నకూ, బాబాయిలకూ, ఇప్పుడు మీకూ తప్ప ఎవరికీ తెలియదు. విన్నదగ్గర్నుంచే మైల కాబట్టి, మడుపల్లి వారెవరైనా ఇది చదివితే, దయచేసి చదవనట్టే ఉండండి.